పప్పుకు దాచిన నీళ్లు

“పప్పు ఉడకవెట్టుడు గూడ రాదా నీకు?” అని పశువుల డాక్టరు నర్సింహులు తన భార్యను అడిగింది కొత్త కాపురంలో కాదు. పెళ్లయిన నాలుగేళ్లకు, వికారాబాదు నుంచి తాండూరుకు బదిలీ అయి వచ్చిన మూడో రోజున. కంచంలో పప్పు గింజలు ఎవరి దారి వాళ్లదే అన్నట్టు పడి ఉన్నాయి. నీళ్లు వేరు, పప్పు వేరు. అత్త శాంతవ్వ ఒక గింజను వేళ్ల మధ్య నొక్కి చూసి, కొడుకు వైపు జాలిగా చూసింది. మొగుడి మాట కంటే ఆ చూపే అరుణాదేవికి ఎక్కువ గుచ్చుకుంది. నాలుగేళ్లు రెండు పూటలా వండి పెట్టిన మెత్తటి పప్పు ఆ తల్లీకొడుకులిద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం అంట్లు తోమడానికి వచ్చిన యాదమ్మ గిన్నె అడుగు చూసి నవ్వింది. “నువ్వేం జేస్తవమ్మా, నీళ్లు జేసిన పని గిది. తాండూరంటేనే బండల ఊరు. బాయి నీళ్లల్ల సున్నముంటది. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మేమైతే వానకాలం నీళ్లు పట్టి జాడిల దాస్కుంటం. పప్పుకు గవే.”

ఆ ఏడు వానలకు అరుణాదేవి కూడా వాకిట్లో నాలుగు గుంజలకు తెల్లబట్ట కట్టి, మధ్యలో గులకరాయి వేసి, కింద జాడి పెట్టింది. ఊరగాయ జాడి అంత పెద్దది ఆ ఇంట్లో ఒక్కటే ఉండేది. మామిడికాయ తొక్కు చిన్న గిన్నెల్లోకి మారింది, వాన నీళ్లు జాడిలోకి వచ్చాయి. పప్పు వెన్నలా ఉడికింది. ఎవరూ ఏమీ అనలేదు. బాగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనరు.

వంటింటి వెనక వసారాలో, ఉత్తరం కిటికీ దగ్గర, ఒక బల్ల మీద సూక్ష్మదర్శిని ఉండేది. పశువుల దవాఖానా ముందు వైపు, డాక్టరు ఇల్లు వెనక వైపు. వస్తువు దవాఖానాదే, కానీ ముందు గదిలో వెలుతురు చాలదని ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఇత్తడి గొట్టం, దాని కింద అరచేతిలో పట్టేంత గుండ్రటి అద్దం. ఆ అద్దానికి తెల్లటి ఆకాశం వెలుగు కావాలి. పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఆ వెలుగు మహా బాగుంటుంది. పొయ్యి మీద అన్నం, కూర, రొట్టె కూడా సరిగ్గా ఆ రెండు గంటలనే అడుగుతాయి. తన బతుకంతా ఆ రెండు గంటల కోసం పొయ్యికీ కిటికీకీ మధ్య జరిగిన తగాదా అని అరుణాదేవి అప్పుడప్పుడు అనుకునేది, ఒక చేత్తో రొట్టె తిప్పి ఇంకో చేత్తో గాజుపలక ఆరబెడుతూ.

అందులోకి ఆమెను దింపింది మొగుడే. వికారాబాదులో, పెళ్లయిన కొత్తలోనే. ఒంటికన్నుతో చూస్తే అతనికి తలనొప్పి వచ్చేది. “జర చూడు, నెత్తుట్ల ఏమన్న కదులుతున్నయా చెప్పు” అన్నాడు. చూసింది. చెప్పింది. ఆనాటి నుంచి చూస్తూనే ఉంది. ఏడో తరగతి ఉర్దూలో చదువుతుండగా, నలభై ఎనిమిది పోలీసు యాక్షన్ గడబిడలో బడి మూతపడింది. మళ్లీ తెరిచేసరికి ఇంట్లో వాళ్లు ఆమెను గడప దాటనివ్వలేదు. ఆగిపోయిన చదువు ఆ ఇత్తడి గొట్టంలో మళ్లీ దొరికినట్టయింది. ఎడ్ల మెడ కింద వాచిన బిళ్లల్లో సూది గుచ్చి డాక్టరు తీసుకొచ్చిన చుక్కను గాజు మీద పలచగా పరచడం, ఆరబెట్టడం, కణాలు విడివిడిగా కనపడేటట్టు లీష్మన్ రంగు చుక్కలు వెయ్యడం, రెండింతలు నీళ్లు కలిపి ఆగడం, కడగడం, చూడడం. చూసిన దాన్ని పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో గీసేది. గాజుపలక మీద కాగితం ముక్క అతికించి తేదీ, పశువు గుర్తు, కింద డాక్టరు పేరులోని మొదటి అక్షరాలు కూడా ఆమే రాసేది. తొమ్మిదేళ్లలో ఆ అక్షరాలు ఆమె చేతికి ఎంత అలవాటయ్యాయంటే, ఒకసారి చాకలి పద్దు మీద కూడా అవే రాసింది.

తాండూరు వచ్చాక రంగు పాడయింది. ఏ పలక చూసినా సిరా ఒలికినట్టు నీలం. కణాలన్నీ నల్లటి ముద్దలు. సీసా మంచిది కాదని నర్సింహులు హైదరాబాదుకు రాశాడు. రెండో సీసా వచ్చింది, మూడోది వచ్చింది, నీలం పోలేదు. ఒకరోజు పప్పులో వాన నీళ్లు పోస్తూ అరుణాదేవి ఆగిపోయింది. పప్పును ఉడకనివ్వని నీళ్లు రంగును మాత్రం పట్టనిస్తాయా? రెండు చెంచాల వాన నీళ్లు పలక మీద వేసి, ఆ నీళ్లతోనే కడిగింది. గొట్టంలోకి చూస్తే నెత్తుటి కణాలు తామరరేకుల రంగులో, తెల్ల కణాల నడుమ ఉండే గింజలు ఊదారంగులో, వికారాబాదులో చూసినంత చక్కగా ఉన్నాయి. ఆమె వసారాలో ఒక్కతే నిలబడి నవ్వింది. కళ్ల నీళ్లు కూడా వచ్చాయి, ఎందుకో తెలియలేదు.

మొగుడికి చెప్పింది. అతను విన్నాడు. ఆ తర్వాత హైదరాబాదులో పశువైద్యుల సభకు పోయి వచ్చి, చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. “వాన నీళ్ల ముచ్చట చెప్పిన. మస్తు మెచ్చుకున్నరు. చప్పట్లు గొట్టిండ్రు తెలుసా! ఎట్ల తట్టిందయ్యా నీకు అని ఒకటే అడుగుడు.” ఆ ముచ్చట ఎక్కడి నుంచి వచ్చిందో అతను నిజంగానే మరిచిపోయాడు. అబద్ధమాడుతుంటే కోపం వచ్చేదేమో. అంత సంబరంగా, అంత అమాయకంగా మరిచిపోయిన మనిషి మీద కోపం ఎట్లా తెచ్చుకోవాలో తెలియక ఆమె ఇంకొంచెం కూర వడ్డించింది.

అరవై ఒకటి మాఘంలో, ఒక పొద్దున, ఎనిమిది గంటల వేళ బీరమ్మ వచ్చింది. గొర్ల మంద వాళ్లు. దౌల్తాబాదు వైపు నుంచి వచ్చి, తాండూరు చుట్టుపక్కల చేలల్లో మందను పండబెడుతూ తిరుగుతున్నారు. ఆమె వెంట మూడు కుక్కలు. అందులో పెద్దది, నల్లది, బైరిగాడు. దవడల కింద రెండు పక్కలా నిమ్మకాయలంత బిళ్లలు. భుజాల ముందు, వెనక కాళ్ల మోకాళ్ల మడతల్లో కూడా. ఎడమ పక్క బిళ్ల మీద కాల్చిన వాత, పచ్చిగా ఉంది. బీరమ్మ మామ కిష్టప్ప పెట్టాడట. అతను గేటు దగ్గర కట్టె మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. బీరమ్మ మొగుడు ఈరయ్య ఇంకా దూరంగా, రోడ్డు అవతల కూర్చున్నాడు. వికారాబాదు కొండ మీది క్షయ దవాఖానాలో రెండేళ్లుండి, నయమై, పోయిన దసరాకే ఇంటికి వచ్చాడు.

ఆ మాట వినగానే నర్సింహులుకు సంగతంతా తెలిసిపోయింది. లేదా తెలిసిపోయిందనుకున్నాడు. “ఇంకేముంది, గండమాల. మనిషి క్షయ కుక్కకు అంటింది. ఒక్కదాంతోని ఆగదు. మూడు కుక్కలు ఒక్క కుండల తింటయి గదా? మూడింటికీ ఉన్నట్టే. సాయంత్రం రా, సంపే మందిస్త. ముద్దల పెట్టి వెయ్యి.”

“మూడింటినా సాబ్?” అంది బీరమ్మ. “గా ఎర్రది ఈనేతట్టున్నది. కుక్కల్లేకుంటే మందకెట్ల? తోడేళ్లు తిరుగుతున్నయి. రేపు పొద్దుగాల మంద లేస్తది.”

“గొర్లు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా?” అన్నాడు నర్సింహులు.

రోడ్డవతల ఈరయ్య తల దించుకున్నాడు. తన దగ్గు మూడు కుక్కలను చంపుతోందని అతనికి అంత దూరానికీ వినబడింది.

వసారా తలుపు దగ్గర నిలబడిన అరుణాదేవి మెల్లగా అంది, “బిళ్లల కెల్లి చుక్క తీస్తే చూస్త గదా.”

“చూసుడెందుకు? కండ్ల ముందటనే ఉన్నది. ఆఫీసరు సాబ్ పదిన్నర బండికి దిగుతుండు, పోయి వంట చూడు.” అన్నాడు గానీ, స్టేషనుకు పోయేలోపు ఆమె మొహం చూసి, సూది తీసి బైరిగాడి భుజం ముందరి బిళ్లలో గుచ్చి రెండు పలకల మీద చుక్కలు వదిలి పోయాడు. పిల్లలకు బెల్లంముక్క ఇచ్చి పంపినట్టు. “గవి పట్టుకొని కూసోకు. పప్పు యాదిల పెట్టుకో.”

ఆ పప్పు గురించి ఇక్కడే చెప్పాలి. వచ్చేది జిల్లా అధికారి, కోస్తా వైపు మనిషి. కడుపులో పుండుంది. ముందుగానే కార్డు రాశాడు: నాకు కూరలేవీ వద్దు, తాండూరు కందిపప్పు పేరు విన్నాను, మెత్తటి పప్పు, రొట్టె చాలు, సోడా మాత్రం వెయ్యవద్దు, పడదు. ఆ కార్డును శాంతవ్వ నాలుగుసార్లు చదివించుకుంది. జాడి అడుగున ఒక చెంబెడు వాన నీళ్లు మిగిలాయి. అధికారి పప్పు కోసమని పది రోజులుగా ఇంట్లో పప్పే వండకుండా దాచిన నీళ్లవి. ఊళ్లో ఇంకెవరి జాడిలోనూ చుక్క లేదు. యాదమ్మ ఇంట్లో సంక్రాంతికి ముందే అయిపోయాయి.

అందుకే అరుణాదేవి ఒక పిసినారి పని చేసింది. రంగులో కలపడానికి మాత్రం చెంచాడు వాన నీళ్లు తీసి, కడగడానికి బావి నీళ్లు వాడింది. ఒక్కసారి కడిగితే ఏమవుతుందిలే అనుకుంది. పలక నీలం ముద్దయిపోయింది. ఏమీ కనపడదు. ఒక పలక దండగ. మిగిలింది ఒక్కటి. ఆమె చెంబు వైపు చూసింది, పొయ్యి మీద ఎసరు కోసం ఎదురుచూస్తున్న గిన్నె వైపు చూసింది. గేటు దగ్గర బీరమ్మ కుక్క మెడ చుట్టూ చెయ్యి వేసి, కాల్చిన చోట తగలకుండా నిమురుతోంది.

రెండో పలకను వాన నీళ్లతోనే కడిగింది. కిటికీ దగ్గర పెట్టి అద్దం తిప్పింది.

బాగున్న బిళ్లలోని చుక్క ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆదివారం సంత లాగ ఉంటుంది. చిన్న కణాలు ఎక్కువ, మధ్య రకం కొన్ని, పెద్దవి అక్కడొకటి ఇక్కడొకటి, అన్ని రకాల వాళ్లూ కలగలిసి. చీము పట్టిన బిళ్ల ఇంకో రకం. వికారాబాదులో ఒక బర్రెకు క్షయ బిళ్ల చూసింది. అందులో కణాలు చితికిపోయి, పాలు విరిగినట్టు ఉండేవి. ఇక్కడ అదేమీ లేదు. చీము లేదు. సంత లేదు. ఉన్నవన్నీ పెద్ద కణాలే. ఒకే తీరు, ఒకే మొహం. గుండ్రటి లేత గింజ, గింజలో రెండు మూడు చుక్కలు, చుట్టూ సన్నటి నీలం అంచు. పలక జరిపితే మళ్లీ అవే. అక్కడక్కడ ఒక కణం రెండుగా చీలుతూ దొరికింది. ఎవరూ పిలవకుండానే ఒకే ఇంటివాళ్లు సంతంతా నిండిపోయి, మిగతా వాళ్లను బయటకు నెట్టేసినట్టు. ఆమెకు చెమట పట్టింది. దీనికి పేరేమిటో తెలియదు. మంచిది కాదని మాత్రం తెలుసు. గండమాల కాదని కూడా తెలుసు. పాడైన పలకను తుడిచి, బైరిగాడి బిళ్లలోంచి తనే ఇంకో చుక్క తీసి, క్షయకు వేసే ఎర్ర రంగు వేసి వెతికింది. ఆ రంగుకు బావి నీళ్లు సరిపోతాయి. క్షయ క్రిమి ఉంటే అందులో ఎర్ర పుల్లలా కనపడాలి, ఒక్క ఎర్ర పుల్ల కూడా దొరకలేదు.

మరి మిగతా రెండు కుక్కలు? అవి బాగున్నాయని చెప్పాలంటే వాటి బిళ్లలు కూడా చూడాలి. ఒక్కో దానికి రెండేసి పలకలు. కడగడానికి చెంబులో ఉన్న నీళ్లన్నీ కావాలి.

“ఏమే, పప్పు పొయ్యి మీదికి ఎక్కలేదు?” శాంతవ్వ గొంతు. “కుక్క రసం ముట్టిన చేతులే, పప్పు గడిగిన చేతులే. ఏం రాత నా కొడుక్కు.”

నీళ్లన్నీ పోస్తే ఏమవుతుందో అరుణాదేవికి తెలుసు. ఏ మాటలు వస్తాయో, ఏ వరసలో వస్తాయో కూడా తెలుసు. ఐదేళ్ల కింద ఒక్క గింజ నొక్కి చూసిన ఆ జాలి చూపు తెలుసు. కానీ ఈ పూట ఆమెకు ఇంకో సంగతి తోచింది. పప్పు ఉడకకపోతే తనకు మాట పడుతుంది. పలక కడగకపోతే మూడు కుక్కలు చస్తాయి, రోడ్డవతల మనిషి జీవితాంతం తల ఎత్తడు. తన మీద పడే మాట ఎంత పెద్దదైనా, అంత పెద్దది కాదు. ఇన్నేళ్లూ అదే చాలా పెద్దదనుకుంటూ బతికానే అని ఆమెకు సిగ్గేసింది. చెంబు ఎత్తుకొని వసారాలోకి పోయింది.

సూది గుచ్చడం తొమ్మిదేళ్లు చూసింది, ఇందాక ఒకసారి గుచ్చింది. బీరమ్మ పట్టుకుంది, ఈనేతట్టున్న ఎర్ర కుక్క ఒకసారి కుయ్యిమంది. నాలుగు పలకలు. నాలుగింటిలోనూ సంత. చిన్నవీ పెద్దవీ, నిక్షేపంగా, గోలగోలగా. ఇంత అందమైన గుంపును ఆమె ఎన్నడూ చూడలేదు. చెంబు ఖాళీ అయింది. పప్పు గిన్నెలో బావి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది.

పన్నెండున్నరకు అధికారి కంచం ముందు కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని, నమలడం ఆపేశాడు. “ఏమయ్యా నర్సింహులు, తాండూరు పప్పంటే ఇదేనా? పళ్లు గట్టిగా ఉన్నవాళ్ల కోసమా?” అన్నాడు నవ్వుతూనే.

నర్సింహులు మొహం కందగడ్డయింది. “పప్పు ఉడకవెట్టుడు గూడ రాదా నీకు?” అన్నాడు.

అదే మాట, అదే గొంతు. అరుణాదేవి చేతిలో రొట్టె పళ్లెం ఉంది. ఇన్నాళ్లూ ఆ మాటకు వంచిన తల ఇవాళ ఎందుకో వంగలేదు.

“వస్తది,” అంది. తర్వాత అధికారి వైపు తిరిగింది. “నాకు పప్పు ఉడకవెట్టొస్తది సార్. మీ కోసమని దాచిన నీళ్లు ఇయ్యాల కుక్కలకు పోయినయి. బిళ్లల చుక్కకు రంగు వేసేతందుకు. గీ ఊరి బాయి నీళ్లతోని పప్పు ఉడకదు, రంగు పట్టదు. గది గండమాల కాదు సార్. నేను చూసిన.”

లోపల శాంతవ్వ గరిట కింద పెట్టిన చప్పుడు వినబడింది. అధికారి చెయ్యి కడుక్కొని లేచాడు. “చూపించమ్మా.”

అతను చాలాసేపు చూశాడు. పలక అటూ ఇటూ జరిపాడు. మిగతా కుక్కల పలకలు అడిగి మరీ చూశాడు. “మద్రాసులో చదువుకునేటప్పుడు ఇట్లాంటిది ఒక్కసారి చూపించారు. బిళ్లల్లో పుట్టే పుండు. మనుషులకు వచ్చే కాన్సరు లాంటిది. అదే అయితే దీనికి మందు లేదు, కానీ ఒకరి నుంచి ఒకరికి అంటదు.” గడ్డం గోక్కున్నాడు. “నేను గట్టిగా చెప్పలేను. హైదరాబాదులో పెద్ద పాథాలజిస్టుకు పంపుదాం. ఆయన మాట వచ్చేదాకా...” తర్వాత, “రంగు ఎంత బాగా వచ్చింది! ఎవరు వేశారు?” అన్నాడు.

“మా దగ్గర అట్లనే చేస్తం సార్, వాన నీళ్లతోని,” అన్నాడు నర్సింహులు. తర్వాత గొంతు తగ్గించి, “ఆయన మాట వచ్చేసరికి నెల అయితది. అప్పటిదాకా ముప్పెందుకు? కుక్కలను తీసేస్తేనే మంచిది,” అన్నాడు.

అధికారి మూడున్నర బండికి ఇంకా టైముందా అని గడియారం చూసుకున్నాడు.

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుండగానే అరుణాదేవి వసారా దిగి గేటు దగ్గరికి పోయింది. డాక్టరు భార్యగా ఆ గేటు దాకా ఒంటరిగా ఆమె ఎప్పుడూ నడవలేదు. ఇరవై అడుగులు కూడా ఉండదు.

“బీరమ్మా, సాయంత్రం మందుకు రావద్దు. మీ బైరిగాడు బతకడు. నెలనో రెండు నెలలో. నొప్పి తెల్వకుండ చూస్కో, ఇగ వాతలు పెట్టనియ్యకు, గవి పని చెయ్యయి. మిగతా రెండింటికి ఏం లేదు. చంపకు.”

కిష్టప్ప కట్టె మీద నుంచి గడ్డం ఎత్తాడు. “డాక్టరు సాబ్ అన్నడా గీ మాట?”

అన్నాడని చెబితే అయిపోయేది. తొమ్మిదేళ్లుగా ఆమె కనిపెట్టిన ప్రతి మాటా అతను అన్న మాటగానే బయటికి పోయింది, ఇదీ పోయేది. ముసలాయన నమ్మేవాడు కూడా.

“లేదు తాతా. సాబ్ వేరే అన్నడు. గీ మాట నేనంటున్న. నేను చూసిన. తప్పయితే వచ్చి నన్నడుగు.”

కిష్టప్ప ఆమెను పైనుంచి కిందికి చూశాడు. బీరమ్మ మాత్రం రోడ్డవతలికి చూసి అరిచింది: “ఇన్నవా? నీది గాదట! నీ దగ్గుది గాదట!” ఈరయ్య లేచి నిలబడ్డాడు. రోడ్డు దాటి వచ్చి కుక్క పక్కన కూర్చున్నాడు. పొద్దుటి నుంచి దాన్ని ముట్టుకోలేదు అతను. బైరిగాడు అతని మోకాలి మీద తల పెట్టింది.

మర్నాడు మంద లేచి దౌల్తాబాదు దారి పట్టింది.

ఆ తర్వాతి నెల ఎట్లా గడిచిందో అరుణాదేవికే తెలుసు. ఇంట్లో మాటల్లేవు. “నలుగురిల నవ్వులపాలు చేసినవ్” అని మొగుడిది ఒక్కటే మాట, రోజూ కొత్తగా. అంతకంటే ఎక్కువగా ఆమెను తినేసింది లోపలి భయం. నిజంగా క్షయే అయితే? ఎర్ర పుల్ల ఒకటి తన కంటికి తప్పిపోయి ఉంటే? బీరమ్మ ఇంట్లో పసివాళ్లున్నారు. ధైర్యంగా చెప్పిన మాట ధైర్యంగా చెప్పినందుకే నిజం కాదని ఆమెకు తెలుసు. పలకలు హైదరాబాదు పోయాయి, క్యాలెండరు కాగితాల వెనక తను గీసుకున్న వాటి బొమ్మలే మళ్లీ మళ్లీ తీసి చూసేది. చూసిన ప్రతిసారీ అవే కణాలు. తన కళ్లను తాను నమ్మడం ఇంత కష్టమైన పని అని ఆమెకు అప్పుడే తెలిసింది. మొగుడు మొదటి నుంచీ ఈ పని చెమట పట్టకుండా ఎట్లా చేస్తున్నాడో అని ఆశ్చర్యం వేసింది.

ఫాల్గుణం చివర, సంతరోజున, కిష్టప్ప వచ్చాడు. భుజం మీద కంబళి, కంబళిలో ఏదో కదులుతోంది. “మా బైరిగాడు పోయిండమ్మా. ఇరవై రోజులున్నడు. మా ఈరిగాని కాళ్ల మీదనే తల వెట్టి పోయిండు. వాత పెట్టనియ్యలేదు నా కోడలు.” కంబళి తెరిచాడు. నల్లటి కుక్కపిల్ల. “ఎర్రది ఐదు పెట్టింది. బైరిగాని పోలికే. నీకిచ్చి రమ్మన్నది బీరమ్మ.” అంతటితో ఆగలేదు ముసలాయన. “మర్పల్లి దిక్కు మా వాళ్ల కుక్కకు బిళ్లలు లేచినయట. తోలుకొస్తరు. సాబ్ కాడికి గాదు, అమ్మ కాడికి పోవాలె అని చెప్పిన.”

కుక్కపిల్లను ఇంట్లోకి తెస్తే శాంతవ్వ అరుస్తుందని అరుణాదేవి అనుకుంది. అత్త దాన్ని చూసి, “పాలు పొయ్యి, సస్తది గట్ల సూస్తే,” అంది.

వారానికి హైదరాబాదు నుంచి కవరు వచ్చింది. నర్సింహులు ముందు గదిలో కూర్చొని చదువుకున్నాడు. ఇంగ్లీషు ఉత్తరం. ఒకసారి చదివి, కళ్లద్దాలు తుడుచుకొని, మళ్లీ చదివాడు. తర్వాత వసారాలోకి వచ్చాడు. ఆమె చేటలో కందిపప్పు బాగుచేస్తోంది. అతను గోడకు ఆనుకొని, చేట వైపు చూస్తూ చెప్పాడు.

“నువ్వన్నదే నిజమాయె. బిళ్లల కాన్సరే. గండమాల గాదు. కుక్కల్ల ఇంత స్పష్టంగ కణాలు చూపించిన పలక ఈ రాష్ట్రంల తన కాడికి రాలేదట.” తర్వాతి మాట అతనికి సులువుగా రాలేదు, అయినా వచ్చింది. “నేను తొందరపడ్డ. మూడింటిని సంపించేటోణ్ణి.”

అరుణాదేవి చేట పక్కన పెట్టింది. బీరమ్మ ఇంటి పసివాళ్లు గుర్తొచ్చారు ముందు. నెల రోజుల తర్వాత ఊపిరి నిండుగా పీల్చుకుంది.

“ఇంకోటి రాసిండు,” అన్నాడు నర్సింహులు. “గా బండల ఊర్ల గీ రంగు ఎట్ల పట్టిందని. నీళ్లు ఏడియి, ఎన్ని చుక్కలు, ఎంతసేపు ఆగాలె, అంతా వివరంగ రాయమన్నడు. బాగున్న కుక్కల పలకలు పక్కన పెట్టి చూసుడు ఎవరికి తట్టిందని అడిగిండు. గా పని చేసిన మనిషిని రెండు వారాలు హైదరాబాదు పంపితే ఇంకా నేర్పిస్తడట.” కలం తీసి, కాగితం తీసి, ‘అయ్యా, నేను’ అని మొదలుపెట్టి ఉన్నట్టున్నాడు, ఆ రెండు మాటలు రాసిన కాగితం చేతిలోనే ఉంది. “రంగు వేసినంక ఎంతసేపు ఆగుతవ్?”

తొమ్మిదేళ్లలో ఆమె ఆ పని ఎట్లా చేస్తుందో అతను అడిగింది ఇదే మొదటిసారి.

“కాయితం ఇటియ్యుండ్రి. నేనే రాస్త. తెలుగుల రాస్త, మీరు ఇంగ్లీషుల పెట్టుండ్రి. ఎట్ల రాస్తే అట్లనే.”

“హైదరాబాదు?”

“పోత.”

“మరి వంట...”

“నేనేమన్న సచ్చిన్నా, కొడకా?” లోపలి నుంచి శాంతవ్వ గొంతు వచ్చింది. “నువ్వు పుట్టకముందుకెల్లి పప్పు ఉడకవెడుతున్న. రెండు వారాలకు ఏం మునగదు గని, దాన్ని పోనియ్యి.”

అరుణాదేవికి నవ్వాగలేదు. బల్ల ముందు కూర్చొని కొత్త కాగితం తీసింది. ‘పలక చేసింది, చూసింది నేను, అరుణాదేవిని’ అని రాసింది. తన పేరు ఉత్తరంలో ఎట్లా కనిపిస్తుందో కొంచెంసేపు చూసుకుంది. రంగు సంగతి రాసింది, చుక్కలు రాసింది, ఎంతసేపు ఆగాలో రాసింది. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ‘తాండూరు బావి నీళ్లలో పప్పు ఉడకదు కనుక రంగు కూడా పట్టదని నాకు తోచింది’ అని రాసి, అక్కడ కలం ఆగిపోయింది.

తోచింది. నిజమే. కానీ పప్పు ఎందుకు ఉడకదో తనకెవరు చెప్పారు? సున్నం సంగతి, వాన నీళ్ల సంగతి, జాడి సంగతి? మొగుడు మరిచిపోయాడని ఐదేళ్లు లోలోపల కుములుతూ, తను ఎంత సులువుగా, ఎంత అమాయకంగా మరిచిపోయింది! హైదరాబాదులో చప్పట్లు విని వచ్చిన నర్సింహులు మొహం గుర్తొచ్చింది. ఆ మొహం తనది కూడా కావచ్చునని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

బావి దగ్గర గిన్నెల చప్పుడవుతోంది. అరుణాదేవి కాగితం, కలం పట్టుకొని వసారా మెట్ల దాకా వచ్చింది.

“యాదమ్మా, నీ పేరొకటి రాయాల్నే. నీ ఇంటిపేరేంది?”